గోల్ఫ్‌లో ఫోర్జ్‌డ్ ఐరన్స్‌తో (పోత పోయకుండా, ఉక్కుని కాల్చి కొట్టి తల చేసిన క్లబ్బులు, అంటే గోల్ఫ్ కర్రలు) ఆడితే నిజంగా తేడా తెలుస్తుందా? హ్యాండికాప్ (కోర్సుకి లెక్కగట్టిన దెబ్బల కంటే సుమారు ఎన్ని ఎక్కువ పడతాయో చెప్పే అంకె) 22 ఉన్నవాడు కొనొచ్చా?

తెలుస్తుంది. అయితే అందరూ చెప్పే చోట కాదు.

ఈ ప్రశ్న వినపడితే చాలు, గోల్ఫ్ ఆడే ప్రతివాడూ 'ఫీల్' అంటూ మొదలెడతాడు. సరిగ్గా మధ్యలో తగిలితే బంతి తగిలినట్టే ఉండదట, భుజం దాకా హాయిగా ఉంటుందట. నేనూ ఏళ్ళ తరబడి ఫోర్జ్‌డ్ సెట్టే వాడుతున్నాను, ఆ హాయి నాకూ తెలుసు. కానీ బంతి క్లబ్ ముఖాన్ని అంటుకుని ఉండేది సుమారు అర మిల్లీసెకను. ఆ కబురు చేతి నుంచి మెదడుకి చేరేసరికి బంతి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. మనం ఫీల్ అనుకునేదాంట్లో చాలా భాగం చెవిన పడ్డ చప్పుడే.

నమ్మకపోతే చెవుల్లో దూది పెట్టుకుని కొట్టి చూడండి. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సుకి వెళ్ళినప్పుడు నాతో ఆడే మిత్రుడొకడు, కళ్ళు మూసుకుని కొట్టినా ఏది ఫోర్జ్‌డో ఏది కాస్టో (అచ్చులో పోత పోసిందో) చెప్పేస్తానని పందెం కట్టాడు. దూది పెట్టి, దాని మీద హెడ్‌ఫోన్స్ కూడా తగిలించాం. రెండూ దాదాపు ఒకే ఆకారంలో ఉన్న క్యావిటీ బ్యాక్ (తల వెనక గుంట ఉన్న) క్లబ్బులు. దాన్ని ఇదని, దీన్ని అదని చెప్పి అందరి టిఫిన్ డబ్బులూ కట్టాడు. దూది వల్లే ఓడిపోయానని ఇప్పటికీ అంటాడు. నేను చెప్పేదీ అదే కదా!

పోత అనగానే మూతి విరిచేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఓసారి పెరవలి పక్కన అజ్జరం వెళ్ళి చూడండి. అక్కడ పోసిన ఇత్తడి గంట కొడితే వచ్చే నాదానికి ఏం తక్కువ? చప్పుడు వస్తువు ఆకారాన్ని బట్టి, మందాన్ని బట్టి మారుతుంది కానీ, కొలిమిలో కాల్చి కొట్టినంత మాత్రాన తియ్యగా రాదు. నార్వేలో పుట్టి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా చేసిన కార్స్‌టెన్ సోల్‌హైమ్ గారు పింగ్ కంపెనీ పెట్టి, మైనపు అచ్చులతో పోసిన ఐరన్లని ప్రపంచమంతా కొనేలా చేశారు. పోతలో అయితే బరువుని అంచులకి జరపడం తేలిక, బంతి పక్కకి తగిలినా క్లబ్ అంతగా మెలి తిరగదు. బబ్బా వాట్సన్ 2012లో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ గెలిచింది పింగ్ పోత ఐరన్లతోనే. ఆయనకి లేని ఫీల్ బాధ మనకెందుకు?

మరి ఫోర్జ్‌డ్ ఎందుకు కొనాలి అంటారా? వంగుతుంది కాబట్టి.

అంతే, నా దృష్టిలో అదొక్కటే కారణం. మామూలుగా ఫోర్జ్‌డ్ ఐరన్లకి వాడేది 1020, 1025 రకం తక్కువ కార్బన్ ఉక్కు. మెత్తనిది. క్లబ్ మెడ దగ్గర ఒకటి రెండు డిగ్రీలు అటో ఇటో వంచితే లొంగుతుంది, వంచిన చోటే నిలుస్తుంది. చాలా పోత ఐరన్లలో ఉండే 17-4 స్టెయిన్‌లెస్ ఉక్కు మహా మొండిది. దాన్నీ వంచేవాళ్ళు ఉన్నారు, కానీ దానికి తగ్గ మిషనూ అలవాటైన చెయ్యీ ఉండాలి. కొంచెం ఎక్కువైతే మెడ పుటుక్కుమంటుంది.

వంచడం ఎందుకో నాకు అర్థమైంది మా ఊళ్ళోనే. ఖతార్‌లో గ్యాస్ ప్లాంటులో చేసే రోజుల్లో ఇసుక కోర్సులో ఆట నేర్చుకున్నాను. అక్కడ గడ్డి ఉండదు. చిన్న పచ్చ చాప ముక్క వెంటపెట్టుకుని, బంతి ఎక్కడ ఆగితే అక్కడ ఆ ముక్క పరిచి కొట్టాలి. గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఉండాల్సిన చోట నూనె కలిపి చదును చేసిన ఇసుక, దాన్ని బ్రౌన్ అంటారు. మాతో పనిచేసిన స్కాట్లాండ్ ఆయన ఒకరు దేశం వెళ్ళిపోతూ తన మిజునో ఫోర్జ్‌డ్ సెట్ నాకు తక్కువ ధరకి ఇచ్చేశారు. ఆయన ఆరడుగుల పైన మనిషి, నేను అయిదడుగుల నాలుగంగుళాలు. చాప మీద కొట్టినన్నాళ్ళూ బంతి ఎడమకి పోతుంటే ఎడారి గాలి అనేవాళ్ళు.

రిటైరై రాజోలు వైపు మా ఊరు వచ్చాక వైనతేయ (గోదావరి పాయ) గట్టు దిగి లంకలో ప్రాక్టీసు మొదలెట్టాను. అక్కడ నేల ఒండ్రు కలిసిన ఇసుక. దెబ్బ పడిందంటే అచ్చు తీసినట్టు కనిపిస్తుంది. నా దెబ్బలన్నీ ఒకే రకం: క్లబ్ తల మడమ (కర్ర ఉన్న కొస) వైపు బొటనవేలు దిగేంత లోతు, ముక్కు (అవతలి కొస) వైపు గీసీ గీయనట్టు. బంతులన్నీ ఎడమ పక్క అరటి తోటలో. ఆ తోట పాలేరు పొద్దున్నే బంతులు ఏరి బకెట్‌లో వేసి "మీ గుడ్లండి" అని ఇచ్చేవాడు. ఊళ్ళో కొందరు హాకీ కర్రలు అనుకున్నారు, ఒకాయనైతే కొబ్బరికాయలు రాల్చడానికి కొత్తగా వచ్చిన సామాను అనుకుని ధర అడిగాడు. అది వేరే గొడవ.

లై యాంగిల్ (క్లబ్ నేల మీద పెట్టినప్పుడు కర్ర నేలతో చేసే కోణం) సరిపోయిందో లేదో చూడ్డానికి ఖర్చులేని పద్ధతొకటి ఉంది. బంతి మీద తెల్లబోర్డు మార్కర్‌తో లావుగా నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖానికి ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టండి. గీత క్లబ్ ముఖం మీద అచ్చు పడుతుంది. నిటారుగా పడితే క్లబ్ మీకు సరిపోయినట్టు, పక్కకి వాలితే లేనట్టు. నాది బాగా వాలి పడింది. ఆ క్లబ్ పొడుగు మనిషి కోసం నిలబెట్టింది, నా చేతిలో ముక్కు పైకి లేచి మడమ నేలలో దిగుతోంది. కుడిచేతి వాటం వాడికి అప్పుడు బంతి ఎడమకే పోతుంది.

సిటీలో ఒక షాపుకి పట్టుకెళ్ళాను, పేరు వద్దులెండి. ఆ కుర్రాడు క్లబ్ వంక కూడా చూడకుండా "సార్, ఇది పాత మోడల్, కొత్తది తీసుకోండి" అన్నాడు. వంచే మిషన్ ఉందా అంటే ఉందన్నాడు, చేసే మనిషి సెలవులో ఉన్నాడన్నాడు. మళ్ళీ వెళ్తే మళ్ళీ సెలవే. లక్ష రూపాయల సెట్ అమ్మడానికి మాత్రం ఎప్పుడూ నలుగురు సిద్ధంగా ఉంటారు.

విసుగొచ్చి మా ఊరి కమ్మరి ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను. మా నాన్నగారి ఈడు మనిషి. రోడ్డు పక్క నిద్రగన్నేరు చెట్టు కింద కొలిమి, ఒక దాగలి, మొద్దుకి బిగించిన పెద్ద వైస్. కొడవళ్ళు, దింపు వాళ్ళ కత్తులు, కాయలు ఒలిచే గునపాలు ఆయన చేతి మీదే. నా ఫోర్జ్‌డ్ 7 నంబరూ, పాత పోత సెట్‌లో 7 నంబరూ రెండూ పట్టుకెళ్ళాను. ఏది ఏదో చెప్పలేదు. ఆయన ఒక్కొక్క దాన్నీ కర్ర దగ్గర రెండు వేళ్ళతో వేలాడదీసి, చిన్న సుత్తితో తల మీద టక్కుమనిపించి విన్నారు. తర్వాత ఆకురాయి తీసుకుని అడుగు అంచున, ఎవరికీ కనపడని చోట, చిన్న గీటు పెట్టి చూశారు.

"ఇది పోతండి. దీని జోలికి నేను రానండి. ఇరిగితే నన్నంటారు" అని దాన్ని పక్కన పెట్టేశారు. రెండోది చేతిలో తిప్పుతూ, "ఇది మెత్తందండి, లొంగుద్ది. ఎంత వంచాలేటి?"

రెండు డిగ్రీలు పడుకోబెట్టాలన్నాను. "ఆయ్" అని పట్టకారు అందుకుని కొలిమి వైపు తిరిగారు. నా గుండె ఆగినంత పనైంది. షాఫ్ట్‌ని (కర్రని) తలలో పట్టి ఉంచేది ఎపాక్సీ జిగురు, వేడి తగిలితే వదిలేస్తుంది. క్రోమ్ పూత కూడా పాడవుతుంది. చల్లగానే వంచాలి ఆచారి గారూ అంటే, చల్లినుము వంచమన్నవాణ్ణి ఈయన్నే చూస్తున్నానన్నట్టు ఓ చూపు చూసి, సరేనన్నారు. తలకి అటూ ఇటూ టేకు చెక్కలు పెట్టి, గీతలు పడకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టి వైస్‌లో బిగించారు. ఒక లావు ఇనప కడ్డీ కొసని మెడకి సరిపడేలా కోసి, లోపల తోలు ముక్క పెట్టి తగిలించారు. నేను ఫోన్‌లో కోణం చూపించే యాప్ పెట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఆయన లాగింది చాలా మెల్లగా. రెండు డిగ్రీలు రాగానే ఆగండి ఆగండి అని అరిచాను. ఆయన ఆగలేదు, ఇంకాస్త లాగి వదిలారు. చూస్తే మెడ కొద్దిగా వెనక్కి వచ్చి సరిగ్గా రెండు దగ్గర నిలిచింది. "ఇనుము వెనక్కొస్తదండి. దానికి తగ్గట్టు కాస్త ముందుకెళ్ళి వదలాల" అన్నారు. ఇంజనీరింగ్ కాలేజీలో స్ప్రింగ్‌బ్యాక్ గురించి పరీక్షలో పేజీ నిండా రాశాను, కంటితో చూసింది అప్పుడే. సెట్ అంతా అలాగే వంచి, ఒక్కోదానికి యాభై తీసుకున్నారు. ఈ రకం సెట్ కొత్తది ఎంత ఉంటుందని అడిగితే లక్ష పైమాటే అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయింది ధరకి కాదు. "అంత పుచ్చుకున్నోళ్ళు మీ ఎత్తు అడగరేటండి? కొడవలి చేయించుకోడానికి వచ్చినోడి చెయ్యి చూసి పిడి పెడతాం మేం."

మర్నాడు లంకలో మార్కర్ గీత నిటారుగా పడింది. నేల మీద దెబ్బ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లోతు. అరటి తోట పాలేరుకి పని తగ్గింది. నా హ్యాండికాప్ మెరుగైంది కూడా ఆ తర్వాతే. ఫీల్ ఏమన్నా మారిందా అంటే, వీసమెత్తు మారలేదు.

కాబట్టి మీరు 22 అయినా 12 అయినా అడగాల్సింది ఒకటే: వంచి ఇస్తారా, ఇవ్వరా? ఇస్తే ఫోర్జ్‌డ్ కొనండి, అదీ క్యావిటీ బ్యాక్ తీసుకోండి. వెనక గుంట లేని సన్నటి బ్లేడ్ల జోలికి పోవద్దు. ఇవ్వకపోతే పోత సెట్‌తోనే హాయిగా ఆడుకోండి, తేడాకి పెట్టే డబ్బుతో కోచ్ దగ్గర నేర్చుకోండి. అందరూ ఆచారి గార్లు కారు, తెలియనివాళ్ళ చేతికిస్తే లై బదులు లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలి ఉండే కోణం) వంచేస్తారు. లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గితే బౌన్స్ (అడుగు నేలలో దిగకుండా ఆపే వాలు) కూడా దాదాపు అంతే తగ్గి క్లబ్ నేలలో దిగబడుతుంది.

లాఫ్ట్ అంటే గుర్తొచ్చింది. ఈ కంపెనీల మోసం ఇంకొకటుంది. ఒకప్పుడు 7 నంబర్ అంటే 34, 35 డిగ్రీలు. ఇప్పుడు చాలా కొత్త సెట్లలో 30 కంటే తక్కువ. పాత 5 నంబర్ (తక్కువ లాఫ్ట్‌తో ఎక్కువ దూరం పోయేది) మీద 7 అని చెక్కి, చూశారా ఎంత దూరం పోతోందో అంటారు. షాపులో కుర్రాడు నాకు కంప్యూటర్ తెర మీద చూపించిన ఇరవై గజాల అద్భుతం అదే. 'ఫోర్జ్‌డ్' అన్న ముద్రనీ గుడ్డిగా నమ్మొద్దు. టేలర్‌మేడ్ పీ790 మీద ఆ ముద్ర ఉంటుంది, లోపల మాత్రం బోలు, అందులో ఫోమ్ నింపుతారు. మంచి క్లబ్బే. కానీ మా నాన్నకాలం నాటి ఉక్కు ముద్ద అనుకుని కొంటే మీ ఇష్టం.

ఇక తుప్పు. సముద్రం దగ్గరున్నవాళ్ళు ఇది చదవకుండా కొనకండి. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికి మా ఇంటి కిటికీ ఊచలే నిలవవు, మెత్తటి కార్బన్ ఉక్కు ఎంత? క్రోమ్ ఉన్నంతవరకూ పరవాలేదు. ముఖం మీద గాళ్ళ దగ్గర అది అరిగిందా, వర్షాకాలంలో ఎర్రగా పొడి రాలుతుంది. పైగా బస్సు డిక్కీలో సంచి వేశారంటే విశాఖ చేరేలోపు ఒకదానికొకటి కొట్టుకుని తలల మీద సొట్టలు. తలలకి తొడుగులు వేస్తే నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆడి రాగానే పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయండి. కుట్టుమిషన్ నూనె మంచిది. కొబ్బరినూనె కొన్నాళ్ళకి జిగటై దుమ్ము పట్టేస్తుంది. అయినా నేను కొబ్బరినూనే రాస్తాను, అది మా ఇంట్లో ఊరికే వస్తుంది మరి.