పొట్టేలు బాగానే ఉంది, పిల్లలే నిలవడం లేదు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం మండలం. నా దగ్గర 42 నెల్లూరు జోడిపి గొర్రెలు ఉన్నాయి. నాలుగేళ్ల కిందట కొన్న ఒకే పొట్టేలుతో మందను నడుపుతున్నాను. మొదటి రెండేళ్లు పిల్లలు బాగా పెరిగాయి. ఇప్పుడు సన్నగా పుడుతున్నాయి, పారుకుని చనిపోతున్నాయి. నట్టల మందు తాగించినా కొన్నాళ్లకే మళ్లీ దవడ కింద నీరు దిగుతోంది. పొట్టేలు మాత్రం దృఢంగా ఉంది. లోపం మేతలో ఉందా, మందులో ఉందా?

జవాబు: మేతనూ మందునూ అనుమానించే ముందు మీ మందలోనే ఒక లెక్క తీయండి. మీరు బయట కొన్న పాత గొర్రెలకు పుట్టిన పిల్లలను ఒక వైపు, ఈ పొట్టేలుకే మీ దొడ్డిలో పుట్టి పెరిగి ఇప్పుడు ఈనుతున్న గొర్రెల పిల్లలను మరొక వైపు రాసి, పుట్టినప్పటి బరువు, మూడో నెల బరువు, చనిపోయినవి ఎన్ని అన్నది పోల్చండి. తొలి ఈత పిల్లలు సహజంగానే కాస్త తేలికగా ఉంటాయి కనుక వాటిని వేరుగా చూడాలి. రెండు రకాల గొర్రెలూ ఒకే బీడులో మేస్తూ, ఒకే నీళ్లు తాగుతూ, ఒకే సీసాలోని మందు తాగుతున్నాయి కాబట్టి, ఇంట పుట్టిన గొర్రెల పిల్లలే ఎక్కువగా రాలిపోతుంటే, పొట్టేలు తన కూతుళ్లనే దాటడం వల్ల వచ్చే రక్తసంబంధాన్ని గట్టిగా అనుమానించవలసిందే. రెండు వైపులా ఒకే తీరుగా చనిపోతుంటే పొట్టేలును నిందించకుండా, తాజా పెంటికలను పశువైద్యశాలలో పరీక్ష చేయించండి.

పొట్టేలు దృఢంగా ఉండడం ఇక్కడ సాక్ష్యం కాదు. గొర్రెకు దాదాపు ప్రతి జన్యువూ తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా వస్తుంది. ఒకదానిలో లోపం ఉన్నా చాలావరకు రెండోది దాన్ని కప్పివేస్తుంది. మీ పొట్టేలులోని లోపాలు అలా కప్పబడే ఉండవచ్చు. అది తన కూతురినే దాటినప్పుడు, పుట్టే పిల్లలో ఏ జన్యువు తీసుకున్నా రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి వచ్చే అవకాశం 25 శాతం. మేనమామ, మేనకోడలు సంబంధంలో ఇది 12.5 శాతమే. పొట్టేలుకు తన కూతురి వల్ల పుట్టిన పిల్ల పెరిగి మళ్లీ అదే పొట్టేలుకు కడితే, దాని పిల్లలో ఇది 37.5 శాతానికి చేరుతుంది. కప్పు తొలగి లోపాలు బయటపడేది అప్పుడే. ఒడ్డూ పొడవూ కంటే చూలు నిలవడం, పిల్ల బతకడం, రోగాన్ని తట్టుకోవడం వంటి గుణాలే దీనివల్ల ఎక్కువగా దెబ్బతింటాయి కనుక, కంటితో చూసి మందను అంచనా వేసే రైతుకు సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

నట్టల విషయంలో మీ అనుభవానికి దగ్గరి ఉదాహరణ స్కాట్లాండ్‌లోని సెయింట్ కిల్డా దీవుల్లో ఉంది. అక్కడ కాపరి లేకుండా బతికే సోయే గొర్రెలను పరిశీలించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, జన్యు వైవిధ్యం తక్కువగా, అంటే రక్తసంబంధం ఎక్కువగా ఉన్న గొర్రెల్లో నట్టలు ఎక్కువగా కనిపించాయి, అవే చలికాలంలో ఎక్కువగా చనిపోయాయి. మందుతో నట్టలను తొలగించిన గొర్రెల్లో ఆ తేడా కనిపించలేదు. అంటే మీరు తాగించే మందు వృథా కాదు, కానీ దానిమీదే మందను నెట్టుకురావడం ఖరీదైన పని. ఇంగ్లండ్‌లోని చిల్లింగ్‌హామ్ తెల్ల పశువులు సుమారు 300 ఏళ్లుగా బయటి రక్తం లేకుండానే బతుకుతున్నాయి కదా అని ఎవరైనా అనవచ్చు. అన్ని తరాల్లో బలహీనమైనవి రాలిపోతూ వచ్చాక మిగిలిన మంద అది. ఆ నష్టాన్ని ప్రకృతి భరిస్తుంది, 42 గొర్రెల రైతు భరించలేడు.

ఇంట పుట్టిన గొర్రెలను అమ్మివేయనవసరం లేదు. బంధుత్వం లేని పొట్టేలుతో కలిస్తే వాటి పిల్లల్లో ఈ దోషం ఒక్క తరంలోనే పోతుంది. జాతి మార్చవలసిన పనీ లేదు. జోడిపిలోనే వేరే మండలంలోని మంద నుంచి రెండు పొట్టేళ్లు తెచ్చుకోండి. పొరుగు మందలోనిది మీ పొట్టేలుకు తమ్ముడే కావచ్చు కనుక, అది ఎక్కడ కొన్నదో అడగకుండా తీసుకోకండి. కొత్తవాటికి చూలు పోగొట్టే అంటురోగమైన బ్రూసెల్లోసిస్ పరీక్ష చేయించి, మూడు వారాలు విడిగా కట్టి, నట్టల మందు తాగించాకే మందలో కలపండి. వాటి కూతుళ్లు ఎదకు వచ్చేలోపు, అంటే సుమారు ఏడాదిన్నరకొకసారి పొట్టేళ్లను మార్చండి. మీ దొడ్డిలోని పోతు పిల్లలను నాలుగో నెలలోపే వేరు చేయండి, లేకపోతే విత్తులు కొట్టించండి. ఆరో నెలకే అవి అక్కచెల్లెళ్లను దాటగలవు.