రెండు తీగల మీద బలం వేరువేరుగా వచ్చిందంటే

మీ లెక్క చూశాను. 5 సెంటీమీటర్ల ఎడంలో 2 మీటర్ల పొడవున్న రెండు సమాంతర తీగలు, ఒకదానిలో 10 ఆంపియర్లు, రెండోదానిలో 15, రెండూ ఒకే దిశలో. వాటి మధ్య బలం మీకు ఒకదాని మీద 0.8 మిల్లీన్యూటన్లు, ఇంకోదాని మీద 1.8 వచ్చాయి. ఇలా రావడానికి వీల్లేదు, న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండూ సమానంగా ఉండి తీరాలి.

అయస్కాంత క్షేత్రాలు మాత్రం కరెక్టుగానే కట్టారు: మొదటి తీగది 4 × 10⁻⁵ టెస్లా, రెండోదానిది 6 × 10⁻⁵. తప్పు ఆ తర్వాత జరిగింది, ఏ తీగ క్షేత్రాన్ని ఆ తీగ కరెంటుతోనే గుణించేశారు. తీగను లాగేది పక్క తీగ క్షేత్రం, తన సొంత క్షేత్రం కాదు. కాబట్టి 4 × 10⁻⁵ ని 15 తో, పొడవు 2 తో గుణించండి, 1.2 మిల్లీన్యూటన్లు, అటునుంచి 6 × 10⁻⁵, 10, 2 గుణించినా అదే 1.2.

దిశ కోసం ఎడమ తీగను కుడి చేత్తో పట్టుకున్నట్టు ఊహించుకోండి, బొటనవేలు కరెంటు దిశలో పైకి ఉంటే కుడి తీగ దగ్గర క్షేత్రం కాగితం లోపలికి పోతుంది, అందువల్ల ఆ కుడి తీగ మీద బలం ఎడమవైపుకి. అంటే ఆకర్షణే. కరెంట్లు ఎదురెదురుగా ఉంటే వికర్షణ.

ఇది చిన్న బలమే, గ్రాములో ఎనిమిదో వంతు బరువంత. కానీ సబ్‌స్టేషన్‌లో షార్ట్ సర్క్యూట్ అయి 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు బస్‌బార్లలో (కరెంటు మోసే లావాటి లోహపు కడ్డీల్లో) ఒక్కోదానిలో 20,000 ఆంపియర్లు పారితే మీటరుకి 800 న్యూటన్లు, అందుకే వాటిని అంత గట్టిగా బిగిస్తారు.