ధ్రువ నిరూపకాల్లో ఆర్ మైనస్ అయితే బిందువు ఎక్కడ పెట్టాలి?

ధ్రువ నిరూపకాల్లో, అంటే మూలబిందువు నుంచి దూరం (ఆర్), తూర్పు నుంచి తిరిగిన కోణం చెప్పి బిందువును గుర్తించే పద్ధతిలో, మీ క్లాసు పిల్లలు (3, 60°) గుర్తించమంటే కుడికి మూడు, పైకి అరవై లెక్కపెడుతున్నారని, ఆర్ మైనస్ వస్తే పెన్సిల్ పక్కన పెట్టేస్తున్నారని రాశారు. కావలి దగ్గర ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా క్లాసులోనూ ఇదే ఇబ్బంది ఉండేది.

నేను మొదటిరోజు గ్రాఫ్ కాగితం తీయించడం మానేశాను. దూరం, దిక్కు కలిపి చెప్పడం మన పిల్లలకు కొత్తేమీ కాదు. నవంబరు వచ్చిందంటే "నెల్లూరుకు ఆగ్నేయంగా 250 కిలోమీటర్ల దూరంలో వాయుగుండం" లాంటి మాట టీవీలో వింటూనే ఉంటారు. నెల్లూరు మూలబిందువు, 250 ఆర్. తూర్పు నుంచి అపసవ్యంగా తిరిగితే ఆగ్నేయం 315°, సవ్యంగా తిరిగితే −45°. ఒకే చోటుకు రెండు పేర్లుండొచ్చని అక్కడే ఒప్పుకుంటారు.

ఆ తర్వాత గ్రౌండ్‌లోకి తీసుకెళ్లండి. మధ్యలో ఒక మేకు, దానికి పురికొస. మీటరుకొకటి చొప్పున ముగ్గుపిండితో నాలుగు వృత్తాలు. కోణమానిని అక్కర్లేదు. అదే నాలుగు మీటర్ల పురికొసను బయటి వృత్తం మీద ఒకచోట నుంచి ఇంకోచోటికి బిగలాగి పట్టుకుంటూ పోతే ఆరోసారికి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. ఒక్కో భాగం 60°. ఇది పిల్లలతోనే చేయించండి, ఆరో కొస వచ్చి కలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి!

రాసేటప్పుడు ఆర్ ముందు, చేసేటప్పుడు కోణం ముందు. మేకు దగ్గర తూర్పుకు తిరిగి నిలబడాలి, కోణమంత తిరగాలి, ఆ తర్వాతే నడక. ఆర్ మైనస్ అయితే ముఖం తిప్పకుండా వెనక్కి నడవాలి. (−3, 60°) వచ్చిన అమ్మాయి 60° గీతనే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి మూడో వృత్తం మీద ఆగబోయింది. అప్పటికే (3, 240°)లో నిలబడ్డ పిల్లాడికి తగిలింది. "సార్, ఇది వాడి చోటు" అంది. 180° కలపాలనే సూత్రం నేను బోర్డు మీద రాయాల్సిన పని లేకపోయింది. టేపు పెట్టి కొలిస్తే మేకు నుంచి పడమరకు ఒకటిన్నర మీటరు, దక్షిణానికి దాదాపు 2.6. కాస్ 240° మైనస్ అర కదా, మూడుతో గుణిస్తే మైనస్ ఒకటిన్నర, పడమరకు కొలిచింది సరిగ్గా అదే.

ఒక్క విషయం ముందే చెప్పండి. ఫోన్‌లోని దిక్సూచి ఉత్తరం నుంచి సవ్యంగా లెక్కపెడుతుంది, ఆగ్నేయానికి 135 చూపిస్తుంది. మన లెక్కలో 135° అంటే వాయవ్యం. ఇది చెప్పక మా క్లాసులో ఒక పీరియడంతా గందరగోళమైంది.

కాగితం మరునాడు ఇవ్వండి. గళ్లది వద్దు, వృత్తలేఖినితో వాళ్లే వృత్తాలు గీసుకున్నది చాలు.