లెవెల్స్ తీయకుండా తట్టెడు మట్టి పడనివ్వకు

చిట్టితల్లీ,

రోడ్లు భవనాల శాఖలో ఏఈఈగా (సహాయ కార్యనిర్వాహక ఇంజనీరుగా) పోస్టింగ్ వచ్చిందని, చేతికి మొదట వచ్చిందే పద్నాలుగు కిలోమీటర్ల రోడ్డును వెడల్పు చేసే పని అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాలవాడితో సహా వీధిలో అందరికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఖర్చు అంచనా దాటిందని విచారణ వస్తే, ముందు వెతికేది ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, మొదటి సంతకం ఎవరిదా అని.

తేలికవి ముందు చెప్పేస్తాను. క్వారీ లీడ్, అంటే క్వారీ నుంచి సైట్‌కు దూరం, ఎవరో ఇచ్చిన చార్టు చూసి వేయకు, బండి మీద వెళ్లి మీటరు చూసుకో. ఎనిమిది కిలోమీటర్లను ఇరవై ఎనిమిదిగా రాసిన కాగితాలు నా కళ్లతో చూశాను. నేల బలం చూసే సీబీఆర్ పరీక్షకు నల్లరేగడిలోనూ గుంట తీయించు. టెండరయ్యాక రేగడి బయటపడితే అది అదనపు ఐటమ్ అవుతుంది, దానికి పోటీ ధర ఉండదు. కరెంటు స్తంభాలు, నీళ్ల పైపులు, చెట్లు ఎస్టిమేట్‌లోనే రాయి. భూమి చేతికి రాకుండా సైట్ అప్పగించకు. మిషన్లు ఖాళీగా నిలబడ్డ రోజులకూ కాంట్రాక్టర్ లెక్క కడతాడు. జాతీయ రహదారుల ఈపీసీ పనుల్లో (డిజైన్, నిర్మాణం రెండూ కాంట్రాక్టరే చేసేవి) 90 శాతం భూమి ఉండాలని నియమం పెట్టుకున్నది ఊరికే కాదు. రోడ్డు కింద నీళ్లు పోయే తూములు తగ్గించమంటే మాత్రం ఎవరు చెప్పినా వినకు.

ఇక అసలు సంగతి. చిన్నప్పుడు లెక్కల్లో స్టెప్పులు ఎగరేసి జవాబు రాసేదానివి, గుర్తుందా? ఇక్కడ ఆ వేషాలు కుదరవు.

1991 వేసవి. పర్చూరు వైపు రేగడి నేలలో ఆరు కిలోమీటర్ల రోడ్డుకు మట్టికట్ట వేసే పని. శంకుస్థాపన అయింది, మర్నాడు పొద్దున్నే టిప్పర్లు వచ్చి నిలబడ్డాయి. నేల అసలు మట్టాలు, అవే లెవెల్స్, ఫీల్డ్ బుక్‌లో ఎక్కాలి, కాంట్రాక్టర్ మనిషి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే మట్టి. ఆ రోజు స్టాఫ్, అంటే మట్టాలు చూసే కొలకర్ర, పట్టే చైన్‌మన్ లేడు. ‘పాత సర్వే లెవెల్స్ ఉన్నాయిగా సార్, తర్వాత రాసుకుందాం’ అన్నాడు కాంట్రాక్టర్. సరేనన్నాను. నాకు ఎండ, ఆయనకు తొందర.

ఆ సర్వే రెండేళ్ల కిందటిది. కట్ట పూర్తయ్యాక ఆయన మాట మారింది: రైతులు పైమట్టి తోలుకుపోయారు, నేల సగటున ఇరవై సెంటీమీటర్లు కిందికి ఉంది, అదంతా నేనే నింపాను అన్నాడు. పన్నెండు మీటర్ల వెడల్పు, ఆరు కిలోమీటర్లు. గుణించి చూడు: 14,400 ఘనపు మీటర్లు. టిప్పరుకు పది చొప్పున 1,440 టిప్పర్లు. కింద నేల ఎక్కడుందో ఇప్పుడెవరు చూడగలరు? కట్టను కోసి చూద్దామంటే మా పై ఇంజనీరు ఈఈ నవ్వాడు. కాంట్రాక్టర్ కోర్టుకెళ్లాడు. మా దగ్గర ఉమ్మడి సంతకాల కాగితం లేదు. అసలుతో పాటు ఏళ్ల వడ్డీ సర్కారు కట్టింది. ఆయన అబద్ధమాడాడో లేదో కూడా నాకు ఇప్పటికీ తెలియదు తల్లీ, నన్ను తినేది అదే. ఇంక్రిమెంటు ఆగింది. దాన్ని పెద్ద నష్టంగా నేనెప్పుడూ లెక్క వేయలేదు.

టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం ఉంది, డ్రోన్ ఉంది పెదనాన్నా అంటావు. ఉండనీ. ముప్పై మీటర్లకొక క్రాస్ సెక్షన్, అంటే రోడ్డుకు అడ్డంగా మట్టాలు, తీయించు. మట్టాలకు ఆధారమైన బెంచ్ మార్కు టిప్పరు తగలని చోట పెట్టు. ఆ పూటే ప్రింటు తీసి ఇద్దరి సంతకాలూ పడేదాకా మట్టి దించనివ్వకు. కలెక్టరు ఫోన్ చేసినా సరే, నీ పై అధికారి డీఈకి కాగితం రాసిపెట్టు. ఎండలో టోపీ పెట్టుకో. చీకటి పడ్డాక ఆ హైవే మీద స్కూటీ మీద తిరిగావని తెలిస్తే నేనే వచ్చి తాళం లాక్కుంటాను.

ఒక్క మాట దాచాను. ఆ వేసవి మీ నాన్న సెలవులకు నా దగ్గరే ఉన్నాడు, పదో తరగతి. సైట్‌లో స్టాఫ్ పట్టుకుని నిటారుగా నిలబడేవాడు, పెద్ద ఇంజనీరులా. ముందురోజు సాయంత్రం సినిమా చూడాలని మారాం చేస్తే చైన్‌మన్‌ను తోడిచ్చి చీరాల పంపాను. ఆఖరి బస్సు తప్పిపోయి ఇద్దరూ మర్నాడు మధ్యాహ్నానికి వచ్చారు. అప్పటికి మట్టి పడిపోయింది. వాడికి ఈ సంగతి తెలియదు. చెప్పకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ఫీల్డ్ బుక్ జిరాక్సు తీసుకురా, చూస్తాను.

మీ పెదనాన్న