ముద్దపప్పు ముద్దగా ఉండదు కదా, మరి ఆ పేరెందుకు?

ప్రశ్న: మాష్టారూ, నాది మదనపల్లె, పెళ్ళయి కాకినాడ వచ్చా. మా వైపు ముద్ద అంటే సంగటి, బంతిలా నిలబడాలి. ఇక్కడేమో ముద్దపప్పు అంటూ గరిటెతో జారుడుగా వేస్తారు, ఇది ముద్ద ఎలా అయింది అత్తయ్యా అంటే నవ్వేసి ఊరుకున్నారు. పైగా ముద్దమందారం, తడిసి ముద్దవడం... అన్నింటికీ ఒకే మాటేంటండీ?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు ఆకారం చూస్తున్నారమ్మా, తిరకాసు అక్కడే ఉంది. నాకు తోచింది చెప్తా, విడివిడిగా ఉండాల్సినవి కలిసిపోయి ఇక ఏది ఏదో తెలీకుండా అయిపోతే అది ముద్ద, గుండ్రంగా ఉండటం అనేది తర్వాతి సంగతి. కందిపప్పు మెత్తగా ఉడికాక పప్పుగుత్తితో మెదిపితే బద్ద జాడే ఉండదు, అందులో చింతపండు లేదు, కూరగాయ లేదు, ఉప్పూ పసుపూ అంతే, కాబట్టి జారినా ముద్దపప్పే. (మనిషిని ముద్దపప్పు అన్నా ఇదే లెక్క, ఉప్పూకారం లేని మనిషి అని. నాకైతే ఈ తిట్టు అన్యాయం అనిపిస్తుంది, ఆవకాయా నెయ్యీ పడ్డాక ముద్దపప్పుని మించింది ఏముంది చెప్పండి.)

మీ సంగటి సంగతే చూడండి, బియ్యం మెత్తగా ఉడుకుతుండగా రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తర్వాత గిన్నెని కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని తెడ్డుతో కెలుకుతారు కదా, అక్కడ మెతుకూ పిండీ ఒకటైపోయినప్పుడే అది ముద్ద అయిపోయింది, చెయ్యి తడి చేసుకుని చుట్టడం అనేది వడ్డించడానికి.

పువ్వుకీ అంతే. ఒంటిరెక్క మందారానికి 5 రేకులు, లెక్కపెట్టొచ్చు, మధ్యలో కాడ పొడుగ్గా బయటికొచ్చి ఉంటుంది. ముద్దమందారంలో ఆ కాడ మీది కేసరాలు కూడా రేకులైపోయి కిక్కిరిసిపోతాయి, లెక్కపెట్టాలంటే పువ్వు పీకాల్సిందే. ముద్దబంతి కూడా అలా కిక్కిరిసిన పువ్వే. వానలో తడిస్తే చీర కుచ్చిళ్ళు దేనికది విడిగా ఉండవు, అన్నీ కలిసి కాళ్ళకి చుట్టుకుంటాయి, అందుకే తడిసి ముద్దయ్యాం అంటాం.

ఇక అన్నం ముద్ద గురించి మొదలుపెడితే పేజీ చాలదు. బాధలో ఉన్నవాళ్ళకి ముద్ద దిగదు, కోతకొచ్చిన చేను వానకి పడిపోతే నోటికాడి ముద్ద పోయింది అంటాడు రైతు, అక్కడ ముద్ద అంటే బతుకే. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి గోరుముద్ద అని పేరు పెట్టారు, 2024లో ఆ పేరు మారింది, పిల్లలు తినేది మాత్రం ముద్దే కదా.

ప్రశ్న: ముద్దుమాట, ముద్దమాట ఒకటేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు బాబూ, ఒక్క కొమ్ముతో చాలా దూరం ఉంది. చంటిది అత్తని తత్త అంటే ముద్దు. మాట ముద్దగా రావడం అంటే అక్షరాలు దేనికది విడిపడక నోట్లోనే కలిసిపోవడం. ఇంట్లో పెద్దవాళ్ళకి ఉన్నట్టుండి అలా అయితే, మూతి ఒక పక్కకి పోయినా చెయ్యి లేవకపోయినా సరే, నిద్ర సరిపోలేదేమో అనుకుంటూ కూర్చోకండి, అది పక్షవాతం కావచ్చు, 108కి కొట్టండి. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అలా మొదలైన నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది.

ప్రశ్న: పేస్ట్ అనే మాటకి అచ్చ తెలుగు చెప్పండి సార్, ఆఫీసులో పందెం కాశాం.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పందెం ఇద్దరూ ఓడిపోయారు, ఒక్క మాట లేదు. అల్లంవెల్లుల్లి అయితే ముద్ద. ఒంటికి పూసేదైతే లేపనం, అది సంస్కృతమే అనుకోండి. గోడకి పోస్టర్ అంటించేదైతే మీ హైదరాబాద్‌లోనే లై అంటారు, మైదాని ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి తర్వాత పొయ్యెక్కించి కలుపుతూనే ఉండాలి, 60 డిగ్రీలు దాటుతుంటే తెల్లగా ఉన్నది కాస్తా గాజులా మారి కర్రకి సాగుతుంది, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. పళ్ళు తోముకునేదాన్ని పేస్టు అనే ఉంచేయండి, దాన్ని తెలుగు చేస్తే షాపువాడికి అర్థం కాదు.

కంప్యూటర్లో పేస్ట్‌ని అతికించు అంటున్నారు, అది నాకు నచ్చింది, ఎందుకంటే అది నిజంగా అతికించడమే. కంప్యూటర్లో కట్, కాపీ, పేస్ట్ 1970లలో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్ (PARC)లో లారీ టెస్లర్ వాళ్ళు తెచ్చారు, అంతకుముందు ఎడిటర్లు కత్తెరా జిగురూ పెట్టుకుని చేసిన పనే అది. కంప్యూటర్లో పేజీలు పెట్టే డీటీపీ రాకముందు నేను పనిచేసిన ఒక పత్రికలో కూడా కంపోజ్ అయిన కాగితం కత్తిరించి పేజీ మీద అంటించేవాళ్ళం, పేస్టప్ అనేవాళ్ళు. ఒక వారం అర్ధరాత్రి నిద్రమత్తులో సీరియల్లో రెండు ముక్కలు కిందిది పైకి అంటించేశా, పొద్దున చచ్చిపోయిన మామగారు సాయంత్రం లేచి కాఫీ అడిగాడు. 11 ఉత్తరాలొచ్చాయి, పదింట్లో తిట్లు, పదకొండోది ఆయన ఎలా బతికాడో వచ్చే వారమైనా చెప్తారా అని.