‘తప్పుడు విశ్వాసి’ అనవచ్చునా?

సందేహం: మా క్రైస్తవ సంఘ పత్రికకు వ్యాసం రాస్తూ ‘సంఘంలో దాగి ఉన్న తప్పుడు విశ్వాసులు’ అన్నాను. ఒక పెద్దాయన దాన్ని ‘కపట విశ్వాసులు’ అని దిద్దారు. ఇంకొకరు ‘దొంగ భక్తులు’ అంటే చాలన్నారు. ఏది సరైన మాట?

సమాధానం: పెద్దాయన దిద్దుబాటే సరైనది. తప్పుడు లెక్క, తప్పుడు చిరునామా అంటాం. అక్కడ ఉండవలసినది ఒకటి, ఉన్నది మరొకటి. ఆ వరుసలో ‘తప్పుడు విశ్వాసి’ అంటే నమ్మకూడనిదాన్ని నమ్మినవాడనే అర్థం ముందుగా తోస్తుంది. మీరు చెబుతున్నది అసలు నమ్మకుండానే నమ్మినట్టు కనబడేవాడి గురించి. అతనిలో ఉన్నది పొరపాటు కాదు, దాపరికం.

మనం ఎక్కువగా చదివే తెలుగు బైబిలులో అబద్ధ ప్రవక్తలు, దొంగ అపొస్తలులు, కపట సహోదరులు అనే మూడు మాటలున్నాయి. గ్రీకు మూలంలో ఈ మూడింటికీ ముందు చేరినది ఒకే పదం. తెలుగులో అది మూడుగా విడిపోయింది, ఆ విడిపోవడంలో ఎంతో ఔచిత్యం ఉంది. ప్రవక్త పని పలకడం, కాబట్టి అతని మోసం అబద్ధం. అపొస్తలుడంటే పంపబడినవాడు. ఎవరూ పంపకుండానే పంపారని చెప్పుకునేవాడు దొంగ సంతకం, దొంగ నోటు కోవకు చెందుతాడు. సహోదరుడి దగ్గరకు వచ్చేసరికి మోసం మాటలోనూ లేదు, అధికారంలోనూ లేదు, అనుబంధంలో ఉంది. అందుకే అక్కడ ‘కపట’ కుదిరింది. గలతీ పత్రికలో, అంటే గలతీయ సంఘాలకు రాసిన లేఖలో, అపొస్తలుడైన పౌలు వాడిన ఈ మాట చదివినప్పుడల్లా, పక్కన కూర్చుని ప్రార్థించినవాడే వేగులవాడని తెలిసినప్పటి బాధ అందులో వినిపిస్తుంది నాకు.

‘దొంగ భక్తుడు’ తప్పు కాదు. దొంగనిద్ర, దొంగ ఏడుపు మనకు అలవాటైనవే. అయితే ఈ విశేషణంతో ఒక చిక్కుంది. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదాను ‘దొంగ శిష్యుడు’ అంటే శిష్యుడిగా నటించినవాడనా, తన దగ్గరున్న డబ్బు సంచిలోంచి దొంగిలించినవాడనా? యోహాను సువార్త ప్రకారం అతను దొంగ కూడా. వ్యాసంలో ఇలాంటి రెండర్థాలకు చోటివ్వకపోవడం మేలు.

బైబిలులోనే ఉన్న మరో మాట ‘వేషధారి’ వేరు. దాని గ్రీకు మూలపదానికి రంగస్థల నటుడని అర్థం, కనుక తెలుగు మాట చక్కగా అతికింది. వేషధారికి చూసేవాళ్లు కావాలి. వీధి మూలల్లో నిలిచి ప్రార్థించేవాడు అలాంటివాడు. మీరు చెప్పే మనిషి కనబడాలనుకోడు, కలిసిపోవాలనుకుంటాడు. అతనికి తగిన క్రియ బైబిలులోని యూదా పత్రికలో (ఈ లేఖ రాసిన యూదా వేరు) ఉంది: ‘చొరబడు’. చొచ్చు ధాతువు నుంచి వచ్చిన ‘చొరవ’ మెచ్చుకోలు, ‘చొరబాటు’ నింద!

గోధుమ పొలంలో శత్రువు కలుపు విత్తాడని యేసు చెప్పిన గోధుమలు, గురుగుల ఉపమానం కూడా వాడతారేమో, ఒక జాగ్రత్త. మూలంలోని మొక్క వెన్ను తీసేదాకా గోధుమలాగే ఉండే ఒక గడ్డి. తెలుగు నిఘంటువుల్లో గురుగు కూరాకు మొక్క, గోధుమతో దానికి పోలిక లేదు. ఉపమానానికి ప్రాణం ఆ పోలికే కనుక, ‘గోధుమను పోలిన కలుపు’ అని ఒక్క ముక్క కలపండి. గురుగులను పెరికితే గోధుమలు కూడా పెల్లగిలుతాయని యజమాని పనివాళ్లను ఆపుతాడు. పెరకడం చేతితో ఏరి లాగడం, పెల్లగించడం మట్టితో సహా వేళ్లు లేపడం. పనివాళ్లు మొదటిది చేస్తున్నామనుకుని రెండోది చేస్తారు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది చెబుతాను. పుట్టుకతో, అలవాటుతో సంఘంలో ఉండి ఇంకా నమ్మకం కుదరనివాళ్లుంటారు. వాళ్లను ‘నామకార్థ క్రైస్తవులు’ అంటున్నాం. కపటానికి బుద్ధిపూర్వకమైన మోసం ఉండాలి, వాళ్లలో అది లేదు. మీ వ్యాసంలో వాళ్ల ప్రస్తావన ఉంటే ఆ పేరాలో ‘కపట’ అనే మాట తీసేయండి.