ఆ నంబర్ చూసి నిర్ణయం తీసేసుకోకండమ్మా

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకిప్పుడు పదహారో వారం. డబుల్ మార్కర్ రక్తపరీక్షలో డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:120 అని వచ్చింది. మాది మేనరికం, మేనత్తే అత్తగారు. ఆవిడ తీయించెయ్యమంటోంది, అమ్మేమో దేవుడిచ్చిన బిడ్డంటోంది, ఆయనేమో నీ ఇష్టం అని ఊరుకుంటున్నారు. నిద్రపట్టట్లేదు, ఏం చెయ్యను?

జవాబు: 1:120 అంటే ఇదే రిపోర్ట్ వచ్చిన 120 మంది తల్లుల్లో సుమారు ఒక్కరి బిడ్డకే డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఎదుగుదల నెమ్మదించే పరిస్థితి, ఉంటుందని, మిగతా 119 మందికీ ఉండదనమ్మా. కాకపోతే రిస్క్ 250కి ఒకటి కన్నా ఎక్కువైతే చాలా ల్యాబుల వాళ్ళు హై రిస్క్ అని ముద్ర కొట్టేస్తారు, ఆ మాట చూడగానే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. అది స్క్రీనింగే, నిర్ధారణ కాదు. దాన్ని పట్టుకుని తీయించెయ్యమనడం తప్పు, ఈ మాట గట్టిగానే చెప్తున్నా.

తేలాలంటే ఉమ్మనీటి పరీక్ష చెయ్యాలి, అదే అమ్నియో. స్కాన్‌లో చూస్తూ సన్న సూదితో కాస్త ఉమ్మనీరు తీస్తారు, 15 వారాలు దాటాక చేస్తారు కాబట్టి మీకిదే టైమ్. గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువే గానీ అసలు లేదనలేం. భయమనిపిస్తే ముందు ఎన్‌ఐపీటీ చేయించుకోవచ్చు, అది మీ రక్తంతోనే చేస్తారు, ఖర్చెక్కువ, పైగా అందులో తేడా వస్తే మళ్ళీ అమ్నియోకే వెళ్ళాలి. అమ్నియో చేయించుకున్నంత మాత్రాన తీయించుకోవాలని రూలేం లేదు, తెలుసుకుని ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు. పూర్తి రిపోర్ట్‌కి రెండు మూడు వారాలు పట్టొచ్చు, అందుకే ఆలస్యం చెయ్యకండి. 2021లో మారిన అబార్షన్ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టర్, బిడ్డకి తీవ్రమైన లోపముంటే 24 దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ దాటితే మెడికల్ బోర్డు. సంతకం మాత్రం మీ ఒక్కరిదే, అత్తగారిదీ కాదు ఆయనదీ కాదు.

ఇంకోటి, మేనరికం వల్లే ఇలా అయ్యిందని ఎవరన్నా నమ్మకండి. 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ రావడం వల్ల వచ్చేది ఇది, చాలావరకు అనుకోకుండా జరుగుతుంది. మేనరికంలో రిస్క్ పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి, డాక్టర్‌కి ఆ సంగతి కూడా చెప్పండి.

మీ ఆయన "నీ ఇష్టం" అంటే భారమంతా మీ నెత్తిన పెట్టినట్టే. ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టకుండా డాక్టర్ గదిలోకి తీసుకెళ్ళండి. ఒకవేళ ఉందని తేలితే ఏం చేద్దాం, మన తర్వాత ఎవరు చూస్తారు, ఇవన్నీ ఇద్దరే కూర్చుని మాట్లాడుకోండి. ఇలాంటి పిల్లలు నడక, మాట ఆలస్యమైనా నేర్చుకుంటారు, బడికెళ్తారు, సుమారు సగం మందికి గుండె సమస్య ఉంటుంది, కొందరికి ఆపరేషన్ పడుతుంది. వీలైతే అలాంటి బిడ్డని పెంచుతున్న ఇంటికెళ్ళి, పొద్దున్న ఆ తల్లి స్నానం చేయించి బొత్తాలు పెట్టుకోవడం ఎలా నేర్పుతోందో చూడండి, డబ్బు సంగతి కూడా అడగండి. ఆ తర్వాత మీరు ఉంచుకున్నా వద్దనుకున్నా పాపం అనే హక్కు ఎవరికీ లేదు.

ఈ వారంలోనే మీ గైనకాలజిస్ట్‌ని అడిగి రాజమండ్రో కాకినాడో ఫీటల్ మెడిసిన్ డాక్టర్, అంటే కడుపులో బిడ్డ సమస్యలు చూసే స్పెషలిస్ట్, దగ్గరికి వెళ్ళండి. ఎన్‌టీ స్కాన్, అంటే మూడో నెలలో బిడ్డ మెడ వెనక నీరు కొలిచే స్కాన్, ఆ రిపోర్ట్ పట్టుకెళ్ళండి, డబుల్ మార్కర్ కాగితంలో మీ వయసు, బరువు, వారాలు సరిగ్గా రాశారో లేదో ముందు చూపించండి, అవి తప్పైతే ఆ లెక్కే మారిపోతుంది.